గ్లెన్‌కో

గ్లెన్‌కో స్కాట్లాండు దేశపు పశ్చిమ హైలాండ్స్ (పర్వత ప్రాంతం)లోని ఒక చిన్న గ్రామము. లోఖ్ లీవెన్ అను సముద్రపు పాయ ఒడ్డున, కో నది ఆ పాయలో కలిసే చోట ఈ గ్రామం ఉన్నది. గ్రామానికి తూర్పున వ్యాపించి ఉన్న లోతైన లోయను కూడా గ్లెన్‌కో అనే పిలుస్తారు. 1692 ఫిబ్రవరి 13న ఇక్కడ జరిగిన మాక్‌డొనాల్డు వంశీయుల ఊచకోత వలన ఈ పేరు చరిత్రలో నిలిచిపోయింది. పర్వతారోహకులకు, భూగర్భ శాస్త్రజ్ఞులకు, యాత్రికులకు కూడా ఇది సుపరిచితమైన ప్రదేశం. గ్రామ జనాభా కొన్ని వందలు మాత్రమే.

ఉనికి

గ్లెన్‌కో గ్రామం ఫోర్ట్ విలియం పట్టణానికి దక్షిణంగా సుమారు 26 కి.మీ., గ్లాస్గో నగరానికి వాయవ్యంగా సుమారు 145 కి.మీ. దూరంలో ఉన్నది. ఈ రెండింటినీ కలిపే ఎ82 రహదారి రానోఖ్ మూర్ అనే విశాలమైన చిత్తడి నేలను దాటి, గ్లెన్‌కో లోయ గుండా దిగి గ్రామం అంచున సాగిపోతుంది. లోయలో ప్రస్తుతం ఉన్న రహదారిని 1930వ దశకంలో నిర్మించారు. అంతకు ముందు ఉన్న పాత దారిలో కొంత భాగం ఇప్పటికీ గ్రామం నుండి క్లాచేగ్ సత్రం మీదుగా లోయలోకి వెళుతుంది.

చారిత్రకంగా ఈ ప్రాంతం ఆర్గైల్ కౌంటీలో భాగం. 1975లో జరిగిన స్థానిక పాలనా పునర్వ్యవస్థీకరణ తరువాత హైలాండ్ పరిపాలనా ప్రాంతంలోకి వచ్చింది. పడమట ఉన్న బాలకూలిష్, లోఖ్ లీవెన్ తూర్పు కొనన ఉన్న కిన్‌లోఖ్‌లీవెన్ దీనికి పొరుగు గ్రామాలు.

పేరు

లోయకు, గ్రామానికి ఆ పేరు కో నది వలన వచ్చింది. స్కాట్లాండు గేలిక్ భాషలో "గ్లెన్" అనగా లోయ. నది పేరు మాత్రం గేలిక్ భాష కంటే పురాతనమైనది కావచ్చునని, దాని అర్థం తెలియరాలేదని పండితుల అభిప్రాయం. గ్లెన్‌కో అనగా "కన్నీటి లోయ" అని చాలా యాత్రా పుస్తకాలలో కనిపిస్తుంది. ఇది 1692 నాటి ఊచకోతను దృష్టిలో పెట్టుకొని తరువాతి వారు కల్పించిన అర్థమే గాని, భాషాపరంగా దీనికి ఆధారం లేదు. ఊచకోతకు చాలాకాలం ముందే లోయకు ఈ పేరు ఉన్నది.

భౌగోళిక స్వరూపం

లోయ పొడవు సుమారు 12 కి.మీ. దాని అడుగుభాగం చాలాచోట్ల 700 మీటర్ల కంటే తక్కువ వెడల్పు గలది. ఉత్తరపు అంచున ఓనఖ్ ఈగఖ్ అనే రంపపు పళ్ళ వంటి పర్వత శ్రేణి గోడలాగా నిలబడి ఉంటుంది. దక్షిణాన "ముగ్గురు అక్కచెల్లెళ్ళు" అని పిలువబడే మూడు పర్వత బాహువులు లోయలోకి చొచ్చుకొని వస్తాయి. వాటి వెనుక ఉన్న బిడియన్ నమ్ బియన్ శిఖరం ఎత్తు 1,150 మీటర్లు. లోయ తూర్పు ముఖద్వారం వద్ద ఉన్న బువఖేల్ ఎటివ్ మోర్ (1,021 మీ.) స్కాట్లాండులో అత్యధికంగా ఛాయాచిత్రాలకెక్కిన పర్వతాలలో ఒకటి. గ్రామానికి ఎగువన కనిపించే శంఖాకారపు కొండ పాప్ ఆఫ్ గ్లెన్‌కో (742 మీ.).

అట్లాంటిక్ మహాసముద్రం నుండి వచ్చే తేమగాలులు ఈ పర్వతాలకు తగలడం వలన ఇక్కడ వర్షపాతం ఎక్కువ. శీతాకాలంలో శిఖరాలపై మంచు పేరుకుంటుంది. వాతావరణం గంటల వ్యవధిలోనే మారిపోతుంది.

అగ్నిపర్వతం, హిమానీనదాలు

గ్లెన్‌కో పర్వతాలు ఒక ప్రాచీన అగ్నిపర్వతపు అవశేషాలు. సుమారు 42 కోట్ల సంవత్సరాల క్రితం ఇక్కడ జరిగిన విస్ఫోటనాలలో భూమి లోపలి శిలాద్రవం బయటకు వచ్చినపుడు, పైనున్న రాతిపొర వలయాకారపు పగుళ్ళ వెంబడి లోపలికి కుంగిపోయింది. ఈ విధంగా ఏర్పడిన పెద్ద గుంటను కాల్డెరా అంటారు. కుంగిన రాతిపొర భూమి లోపల ఉండిపోవడం వలన పైపొరలు కొట్టుకుపోయినా అది భద్రంగా మిగిలింది. 1909లో క్లఫ్, మాఫ్, బెయిలీ అనే భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ ప్రక్రియను వివరిస్తూ ప్రచురించిన పరిశోధనా పత్రం భూగర్భ శాస్త్రంలో ఒక మైలురాయి. ఇతర దేశాలలోని కాల్డెరాలను అర్థం చేసుకొనడానికి కూడా అది ఉపకరించింది.

లోయకు ఇప్పటి ఆకారాన్ని ఇచ్చినవి మంచుయుగపు హిమానీనదాలు. ఇక్కడి చివరి హిమానీనదాలు సుమారు 11,700 సంవత్సరాల క్రితం కరిగిపోయాయి. అవి లోయను ఆంగ్ల అక్షరం "యు" ఆకారంలో తొలిచి, పక్క లోయలను ఎత్తులో వేలాడుతున్నట్లుగా వదిలి వెళ్ళాయి. వాటిలో ఒకటైన కోరీ గావల్ లోయ ముఖద్వారాన్ని కొండచరియల బండరాళ్ళు మూసివేశాయి. దిగువ నుండి చూసేవారికి లోపల విశాలమైన మైదానం ఉన్నట్లు తెలియదు. మాక్‌డొనాల్డులు పశువులను ఇక్కడే దాచేవారని చెబుతారు. అందువలన దీనిని "మరుగుపడిన లోయ" అని కూడా అంటారు.

మాక్‌డొనాల్డు వంశీయులు

14వ శతాబ్దం నుండి ఈ లోయ మాక్‌డొనాల్డు వంశపు ఒక శాఖ అధీనంలో ఉండేది. ఈ శాఖ నాయకుని "మాక్‌ఇయన్" అని పిలిచేవారు. లోయలోని చిన్న చిన్న పల్లెలలో మట్టిగడ్డలతోను, అల్లిన కొమ్మలతోను కట్టిన ఇళ్ళలో జనం నివసించేవారు. పశుపోషణ వారి ప్రధాన జీవనాధారం. వేసవిలో పశువులను పైనున్న పచ్చిక బయళ్ళకు తోలుకొని వెళ్ళి అక్కడి తాత్కాలిక గుడిసెలలో ఉండేవారు. ఇరుగుపొరుగు వంశాల పశువులను దోచుకొనిపోవడం ఆనాడు హైలాండ్స్‌లో సాధారణమే అయినా, గ్లెన్‌కో వారికి ఆ విషయంలో ప్రత్యేకమైన అపకీర్తి ఉండేది. 1689లో యుద్ధం నుండి తిరిగి వస్తూ వారు రాబర్ట్ క్యాంప్‌బెల్ అనే భూస్వామికి చెందిన గ్లెన్‌లయన్ ప్రాంతాన్ని దోచుకున్నారు. అప్పటికే అప్పులలో ఉన్న ఆయన దీనితో పూర్తిగా చితికిపోయి, సైన్యంలో కెప్టెనుగా చేరాడు.

1692 ఊచకోత

నేపథ్యం

1688లో స్టూవర్ట్ వంశపు రాజు జేమ్స్ సింహాసనాన్ని కోల్పోగా, ఆయన కుమార్తె మేరీ, అల్లుడు విలియం ఆ స్థానంలోకి వచ్చారు. జేమ్స్ పక్షం వహించినవారిని జాకబైట్లు అంటారు. 1689లో వారు స్కాట్లాండులో తిరుగుబాటు చేసి, కిల్లీక్రాంకీ యుద్ధంలో గెలిచినా చివరకు ఓడిపోయారు. గ్లెన్‌కో మాక్‌డొనాల్డులు ఈ తిరుగుబాటులో పాల్గొన్నారు. 1691 ఆగస్టులో ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. దాని ప్రకారం 1692 జనవరి 1వ తేదీలోగా అధికారుల ఎదుట విధేయతా ప్రమాణం చేసినవారికి క్షమాభిక్ష లభిస్తుంది. చేయనివారిపై కఠిన చర్యలుంటాయి.

ఆలస్యమైన ప్రమాణం

హైలాండ్ నాయకులు ప్రవాసంలో ఉన్న జేమ్స్ అనుమతి కొరకు వేచి ఉన్నారు. ఆ అనుమతి డిసెంబరు నెలలో గాని అందలేదు. వృద్ధుడైన గ్లెన్‌కో నాయకుడు అలస్డేర్ మాక్‌ఇయన్ గడువు ముగియబోతుండగా ఫోర్ట్ విలియం కోటకు చేరుకున్నాడు. ప్రమాణం స్వీకరించే అధికారం తనకు లేదని చెప్పి, అక్కడి అధిపతి కర్నల్ జాన్ హిల్ ఒక సిఫారసు లేఖ ఇచ్చి ఆయనను ఇన్వరేరీలోని షెరీఫు వద్దకు పంపాడు. మంచులో కొండలు దాటి వెళుతుండగా దారిలో సైనికులు ఆయనను ఒక రోజు నిర్బంధించారు. ఇన్వరేరీ చేరేసరికి షెరీఫు సర్ కోలిన్ క్యాంప్‌బెల్ ఊరిలో లేడు. చివరకు జనవరి 6న ప్రమాణం జరిగింది. తన వంశీయులు ఇక సురక్షితులని నమ్మి మాక్‌ఇయన్ ఇంటికి తిరిగి వచ్చాడు.

అయితే గడువు దాటిన ఈ ప్రమాణం ఎడిన్‌బరోలో అంగీకరించబడలేదు. స్కాట్లాండు వ్యవహారాల మంత్రి జాన్ డాల్రింపుల్ (స్టెయిర్ ప్రభువు కుమారుడు) ఏదో ఒక వంశాన్ని నాశనం చేసి మిగిలినవారికి గుణపాఠం నేర్పాలని భావించాడు. చుట్టూ పర్వతాలు ఉండి, జనసంఖ్య తక్కువగా ఉన్న గ్లెన్‌కో అందుకు అనువుగా కనిపించింది. గ్లెన్‌కో వారిని మిగిలినవారి నుండి వేరుచేయగలిగితే నిర్మూలించవచ్చునన్న ఆజ్ఞ జనవరి 16న రాజు విలియం సంతకంతో వెలువడింది.

అతిథులుగా వచ్చిన సైనికులు

ఫిబ్రవరి ప్రారంభంలో గ్లెన్‌లయన్ రాబర్ట్ క్యాంప్‌బెల్ నాయకత్వంలో ఆర్గైల్ రెజిమెంటుకు చెందిన సుమారు 120 మంది సైనికులు లోయకు వచ్చి బస అడిగారు. మాక్‌ఇయన్ చిన్న కుమారుని భార్య ఈ క్యాంప్‌బెల్‌కు దగ్గరి బంధువు. హైలాండ్ ఆచారం ప్రకారం తలుపు తట్టినవానికి, శత్రువైనా సరే, ఆతిథ్యం ఇవ్వవలసి ఉంటుంది. ఆతిథ్యం స్వీకరించినవాడు ఆ ఇంటికి హాని తలపెట్టరాదు. సుమారు 12 రోజుల పాటు సైనికులు మాక్‌డొనాల్డుల ఇళ్ళలోనే తిని, వారి పొయ్యిల పక్కనే పడుకున్నారు. సాయంత్రాలు కెప్టెను మాక్‌ఇయన్ కుమారులతో పేకాట ఆడేవాడని చెబుతారు.

ఫిబ్రవరి 12న మేజర్ రాబర్ట్ డంకన్‌సన్ నుండి క్యాంప్‌బెల్‌కు లిఖితపూర్వకమైన ఆజ్ఞ అందింది. మరునాటి ఉదయం 5 గంటలకు 70 సంవత్సరాల లోపు వారినందరినీ వధించాలని, వృద్ధ నాయకుడు, అతని కుమారులు తప్పించుకోకుండా చూడాలని దాని సారాంశం. ఆజ్ఞను పాటించకపోతే రాజుకు అవిశ్వాసపాత్రునిగా పరిగణిస్తామన్న హెచ్చరిక కూడా అందులో ఉన్నది. ఈ పత్రం ఎడిన్‌బరోలోని స్కాట్లాండు జాతీయ గ్రంథాలయంలో భద్రపరచబడి ఉన్నది.

వధ

ఫిబ్రవరి 13న తెల్లవారుజామున మంచు తుఫానులో వధ మొదలైంది. పడక నుండి లేస్తున్న మాక్‌ఇయన్‌ను కాల్చి చంపారు. ఆయన భార్య మరునాడు మరణించింది. ఆయన కుమారులిద్దరూ ముందుగా అనుమానం కలగడం వలన కొండలలోకి తప్పించుకున్నారు. మొత్తం 38 మంది చంపబడ్డారని సంప్రదాయంగా చెబుతారు. ఇళ్ళు తగులబెట్టి పశువులను తోలుకొనిపోవడం వలన, కొండలలోకి పారిపోయిన స్త్రీలు, పిల్లలు అనేకులు చలికి, ఆకలికి చనిపోయారు. లోయ మార్గాలను మూసివేయవలసిన మరి 400 మంది సైనికులు వాతావరణం కారణంగా ఆలస్యంగా చేరుకున్నారు. వంశంలో ఎక్కువమంది బతికి బయటపడడానికి ఇది ముఖ్య కారణం. కొందరు సైనికులు తమకు ఆతిథ్యమిచ్చినవారిని పరోక్షంగా హెచ్చరించారని కూడా కథలు ఉన్నాయి.

విచారణ

వార్త మొదట పారిస్ పత్రికలో, తరువాత జాకబైట్ కరపత్రాలలో వెలువడి సంచలనం రేపింది. 1695లో ఒక విచారణ సంఘం నియమించబడింది. దాని నివేదికను పరిశీలించిన స్కాట్లాండు పార్లమెంటు ఈ సంఘటనను హత్యగా తీర్మానించింది. స్కాట్లాండు చట్టంలో 1587 నుండి "విశ్వాసంలో ఉండగా చేసిన హత్య" అనే ప్రత్యేక నేరం ఉండేది. తనను నమ్మినవానిని చంపడం రాజద్రోహంతో సమానమైన నేరంగా ఆ చట్టం పరిగణించేది. అయినప్పటికీ విచారణలో రాజుకు ఏ తప్పూ అంటలేదు. డాల్రింపుల్ పదవి కోల్పోయాడు గాని, 1703లో ఎర్ల్ బిరుదు పొందాడు. రాబర్ట్ క్యాంప్‌బెల్ 1696లో బ్రూజ్ నగరంలో మరణించాడు. ఈ హత్యలకు ఎవరూ శిక్షింపబడలేదు.

ఈ ఘటనను రెండు వంశాల మధ్య వైరంగా చిత్రించడం పరిపాటి. కాని ఆ పటాలంలో క్యాంప్‌బెల్ ఇంటిపేరు గలవారు కొద్దిమంది మాత్రమే. ఆజ్ఞ ప్రభుత్వం నుండి వచ్చింది. దానిని అమలు చేసినది ప్రభుత్వ సైన్యం. వంశ వైరమనే వివరణ వలన అసలు బాధ్యులైన అధికారుల పాత్ర మరుగున పడిందని చరిత్రకారులు అభిప్రాయపడుతున్నారు.

తరువాతి చరిత్ర

బతికినవారు అనుమతి పొంది లోయకు తిరిగి వచ్చి మళ్ళీ ఇళ్ళు కట్టుకున్నారు. 1745 నాటి జాకబైట్ తిరుగుబాటులో కూడా గ్లెన్‌కో వారు పాల్గొన్నారు. దాని పరాజయం తరువాత హైలాండ్ వంశ వ్యవస్థ క్షీణించింది. 1752 మే 14న బాలకూలిష్ సమీపంలోని అడవిలో ప్రభుత్వ ప్రతినిధి కోలిన్ క్యాంప్‌బెల్ కాల్చి చంపబడ్డాడు. అసలు హంతకుడు దొరకకపోగా, జేమ్స్ స్టూవర్ట్ అనే వ్యక్తిని సహకరించాడన్న నేరంపై విచారించారు. జ్యూరీలోని 15 మందిలో 11 మంది క్యాంప్‌బెల్ వంశీయులే. నవంబరు 8న ఆయనను బాలకూలిష్‌లో ఉరితీశారు. ఈ ఉదంతం ఆధారంగా రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ 1886లో "కిడ్నాప్డ్" నవల రాశాడు.

19వ శతాబ్దం ప్రారంభంలో భూస్వాములు గొర్రెల పెంపకం లాభదాయకమని భావించి రైతులను లోయ నుండి పంపివేశారు. 1692లో సైన్యం పూర్తిచేయలేని పనిని గొర్రెలు పూర్తిచేశాయని చెప్పవచ్చు. నేడు లోయ మధ్యభాగం దాదాపు నిర్జనం. పాత పల్లెల పునాదులు మాత్రం గడ్డిలో కనిపిస్తాయి.

గ్లెన్‌కో ఎస్టేటును తరువాత డోనాల్డ్ స్మిత్ కొనుగోలు చేశాడు. ఈయన హడ్సన్స్ బే కంపెనీలో చిన్న ఉద్యోగిగా కెనడా వెళ్ళి, కెనడియన్ పసిఫిక్ రైలుమార్గ నిర్మాతలలో ఒకడై, స్ట్రాత్‌కోనా ప్రభువు అయ్యాడు. ఆయన గ్రామ సమీపంలో గ్లెన్‌కో హౌస్ అనే భవనాన్ని కట్టించి, చిన్న సరస్సును ఏర్పరచి, దాని చుట్టూ ఉత్తర అమెరికా వృక్షాలను నాటించాడు. స్వదేశం మీద బెంగపడిన భార్య ఇసబెల్లా కొరకు ఆయన ఈ పని చేశాడని చెబుతారు. భవనం తరువాత ఆసుపత్రిగా ఉపయోగపడి, ప్రస్తుతం హోటలుగా ఉన్నది. గ్లెన్‌కో లోకన్ అనే ఆ సరస్సు, చుట్టూ ఉన్న వనం ప్రజలందరికీ అందుబాటులో ఉన్నాయి.

చుట్టుపక్కల గ్రామాలు

* బాలకూలిష్: ఇక్కడి పలకరాయి గనులు 1690వ దశకంలో మొదలై 1955లో మూతపడ్డాయి. ఇక్కడి పలకలు స్కాట్లాండు నగరాలలో ఎన్నో ఇళ్ళకు పైకప్పు అయ్యాయి. 1902లో గని యాజమాన్యం కార్మికుల వైద్యుడు డాక్టర్ లక్లన్ గ్రాంట్‌ను తొలగించగా, కార్మికులు ఆయన పక్షాన నిలిచి దీర్ఘకాలం పోరాడారు. హైలాండ్స్ వైద్య పరిస్థితులపై 1912లో డ్యూయర్ కమిటీ జరిపిన విచారణలో కూడా ఆయన సాక్ష్యం ఇచ్చాడు. ఆ కమిటీ సిఫారసుల మీద ఏర్పడిన వైద్య సేవా పథకం, 1948లో వచ్చిన బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవకు మార్గదర్శకం అయింది. 1975లో వంతెన నిర్మించేవరకు ఇక్కడ సముద్రపు పాయను పడవలపై దాటేవారు.
* కిన్‌లోఖ్‌లీవెన్: 1909లో ప్రారంభమైన అల్యూమినియం కర్మాగారం కొరకు వెలసిన ఊరు. కొండలపైన కట్టిన బ్లాక్‌వాటర్ ఆనకట్ట నుండి జలవిద్యుత్తు లభించేది. ఇళ్ళన్నింటికీ విద్యుత్తు ఉన్న తొలి గ్రామాలలో ఇది ఒకటి. కర్మాగారం 2000లో మూతపడింది.
* మున్దా ద్వీపం: లోఖ్ లీవెన్‌లోని చిన్న ద్వీపం. గ్లెన్‌కో మాక్‌డొనాల్డులు, బాలకూలిష్ స్టూవర్టులు, కాలర్ట్ కామెరన్లు ముగ్గురూ దీనిని ఉమ్మడి శ్మశానంగా వాడుకున్నారు. అలస్డేర్ మాక్‌ఇయన్ సమాధి ఇక్కడే ఉన్నదని చెబుతారు.

పర్వతారోహణ, సంరక్షణ

19వ శతాబ్దం చివరి నుండి గ్లెన్‌కో స్కాట్లాండు పర్వతారోహణకు కేంద్రాలలో ఒకటిగా ఉన్నది. 1935లోను, 1937లోను స్కాట్లాండు నేషనల్ ట్రస్టు ఇక్కడి భూములను కొనుగోలు చేసింది. ఇందుకు కావలసిన ధనాన్ని సమకూర్చడంలో పర్వతారోహకుల సంఘానికి అధ్యక్షుడైన ఇంజనీరు పెర్సీ ఉన్నా ప్రముఖ పాత్ర వహించాడు. 1937లో ఆయన ట్రస్టుకు రాసిన లేఖలో కొన్ని నియమాలు పెట్టాడు. పర్వతాలను ఎక్కడానికి సులభంగా గాని, సురక్షితంగా గాని మార్చరాదు, కొండలపై సూచికలు, ఆశ్రయాలు కట్టరాదు, భూమిని సహజ స్థితిలోనే ఉంచాలి అన్నవి వాటిలో ముఖ్యమైనవి. సందర్శకుల సంఖ్య పెరిగి కాలిబాటలు కోసుకుపోతున్నపుడు వాటికి రాళ్ళు పరచడం ఈ నియమాలకు విరుద్ధమా, కాదా అన్నది దశాబ్దాలుగా చర్చనీయాంశం. 2017లో ఈ ప్రాంతం జాతీయ ప్రకృతి సంరక్షణ కేంద్రంగా ప్రకటించబడింది.

పర్వతారోహకుడు హేమిష్ మాక్‌ఇన్నెస్ (1930–2020) గ్లెన్‌కోలో స్థిరపడి, 1961లో ఇక్కడి పర్వత రక్షణ దళాన్ని స్థాపించాడు. మడిచి మోసుకుపోగల లోహపు స్ట్రెచరును, పూర్తిగా లోహంతో చేసిన మంచుగొడ్డలిని రూపొందించాడు. 1975లో ఎవరెస్టు నైరుతి ముఖాన్ని అధిరోహించిన బ్రిటిష్ యాత్రకు ఉపనాయకుడు. రక్షణ దళంలోనివారు స్వచ్ఛందంగా సేవ చేసే స్థానికులే.

1956లో లోయ తూర్పు చివర స్కీయింగు కొరకు యంత్రాలతో లాగే ఏర్పాటు మొదలైంది. ఇది స్కాట్లాండులో వాణిజ్యపరమైన తొలి స్కీయింగు కేంద్రం. 1980లో ప్రారంభమైన 154 కి.మీ. పొడవైన వెస్ట్ హైలాండ్ వే కాలిబాట లోయ పైభాగంలోని "డెవిల్స్ స్టెయిర్‌కేస్" కనుమ గుండా పోతుంది.

పురావస్తు పరిశోధన

ఇటీవలి సంవత్సరాలలో గ్లాస్గో విశ్వవిద్యాలయం, నేషనల్ ట్రస్టు లోయలోని పాత పల్లెలలో తవ్వకాలు జరిపాయి. 2023లో మాక్‌ఇయన్ వేసవి విడిదిగా చెప్పబడే ఇంటి పొయ్యి కింద ఒక కుండలో 36 నాణేలు దొరికాయి. వాటిలో ఇంగ్లండు, స్కాట్లాండు నాణేలతో పాటు ఫ్రాన్సు మొదలైన దేశాలవి కూడా ఉన్నాయి. ఊచకోత సమయంలోనో, దానికి ముందో వీటిని దాచి ఉంటారని, దాచినవారు తిరిగి రాలేకపోయి ఉంటారని పరిశోధకుల ఊహ. ఆనాటి ఇళ్ళు ఎలా ఉండేవో చూపడానికి సందర్శకుల కేంద్రం వద్ద మట్టిగడ్డలు, అల్లిన కొమ్మలతో ఒక ఇంటిని సంప్రదాయ పద్ధతిలో 2021లో తిరిగి నిర్మించారు.

కళలు, సినిమాలు

హొరేషియో మక్కలక్ 1864లో చిత్రించిన గ్లెన్‌కో తైలవర్ణ చిత్రం ప్రసిద్ధమైనది. జాన్ ప్రెబుల్ 1966లో ఊచకోతపై "గ్లెన్‌కో" అనే గ్రంథం రచించాడు. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ తన నవలలోని "రెడ్ వెడ్డింగ్" ఘట్టానికి ఈ ఊచకోత కూడా ఒక ప్రేరణ అని చెప్పాడు. "హారీ పాటర్ అండ్ ద ప్రిజనర్ ఆఫ్ అజ్కబాన్" (2004) సినిమాలోని కొన్ని దృశ్యాలను క్లాచేగ్ సమీపంలో చిత్రీకరించారు. పక్కనున్న గ్లెన్ ఎటివ్ లోయ "స్కైఫాల్" (2012) చిత్రంలో కనిపిస్తుంది.

గ్రామంలో చూడదగినవి

* స్మారక స్తంభం: ఊచకోతలో మరణించినవారి జ్ఞాపకార్థం 1883లో నిలిపిన శిలువ. ప్రతి సంవత్సరం ఫిబ్రవరి 13న మాక్‌డొనాల్డు వంశీయులు, గ్రామస్తులు ఇక్కడ చేరి పుష్పగుచ్ఛాలు ఉంచుతారు.
* గ్లెన్‌కో జానపద ప్రదర్శనశాల: గడ్డికప్పు గల పాత కుటీరాలలో ఏర్పాటైంది. స్థానికుల పనిముట్లు, దుస్తులు, పలకరాయి గనుల వస్తువులు ఇక్కడ చూడవచ్చు.
* సందర్శకుల కేంద్రం: గ్రామానికి కొద్ది దూరంలో నేషనల్ ట్రస్టు 2002లో ప్రారంభించినది. లోయ చరిత్ర, భూగర్భ విశేషాలు, పర్వతారోహణ వివరాలు ఇక్కడ లభిస్తాయి.
* క్లాచేగ్ సత్రం: పాత దారిలో ఉన్న సత్రం. "తిరుగు వ్యాపారులకు, క్యాంప్‌బెల్‌లకు ప్రవేశం లేదు" అన్న హాస్యపు ఫలకం ఇక్కడ ఉన్నది.